అప్పు తీసుకోనివారి లెక్క ఎవరు రాస్తారు?

సంపాదకుల వారికి,

సూక్ష్మ రుణాలపై, అంటే పేదలకు తాకట్టు లేకుండా ఇచ్చే చిన్న అప్పులపై, మీరు వేసిన వ్యాసం చదివాను. ఎందరికి అప్పు అందింది, ఎంత తిరిగి వసూలైంది అన్న దగ్గరే అది ఆగిపోయింది. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక ఆ రెండు అంకెల మీది మోజు నాకు కొత్త కాదు. తనిఖీకి వచ్చే అధికారులూ అవే అడిగేవారు. అప్పులు వచ్చాక ఊళ్లో ఎవరింటికి ఎవరు వెళ్లడం మానేశారని అడిగిన మహానుభావుడు ఒక్కడూ కనబడలేదు.

అలా అడిగినవాళ్లు లేకపోలేదు, అదీ ఈ కర్ణాటకలోనే. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, అరుణ్ చంద్రశేఖర్, మాథ్యూ జాక్సన్ తదితర ఆర్థికవేత్తలు 75 పల్లెల్లో ఇళ్ల మధ్య సంబంధాలను 2006లో నమోదు చేయించారు. ఎవరింటికి వెళ్తుంటారు, కిరసనాయిలో బియ్యమో నిండుకుంటే ఎవరిని అడుగుతారు, గుడికి ఎవరితో వెళ్తారు... ప్రశ్నలు ఇలాంటివి. తర్వాత 43 ఊళ్లకు సూక్ష్మ రుణాలు వచ్చాయి, మిగతావాటికి రాలేదు. 2012లో మళ్లీ ఆ పల్లెలకు వెళ్లి అడిగారు. అసలైన పని ఈ రెండో విడతదే అంటాను. మొదటి జాబితా ఒక్కటే చూసి ఏ రాకపోక తెగిందో ఎలా చెప్పగలం?

రుణాలు వచ్చిన ఊళ్లలో సంబంధాలు ఎక్కువగా తగ్గాయి. అప్పు దొరికినవాళ్లకు ఇరుగుపొరుగుతో పని తీరిందిలే అనుకుంటాం. కానీ అప్పు జోలికి వెళ్లేలా లేని రెండు ఇళ్ల మధ్య రాకపోకలూ ఏమాత్రం తక్కువ కాకుండా తెగిపోయాయి. పైగా చేబదులు పుట్టక ఎక్కువ ఇబ్బంది పడ్డదీ వాళ్లే. హైదరాబాద్ బస్తీల్లో చూసినా సంబంధాలు అలాగే తగ్గాయి. స్నేహాలు చాలావరకు అనుకోకుండా ఎదురుపడటం వల్లే పుడతాయి, నిలుస్తాయి. కొందరు బయటికి రావడం తగ్గిస్తే మిగతావాళ్లకు పలకరించే మనిషే కరువవుతాడని పరిశోధకుల వివరణ.

నాకైతే ఇందులో వింతేమీ లేదు. కృష్ణరాజపురంలో మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లం చాలామందిమి. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌లు రాకముందు, మూడో అంతస్తులోని నెల్లూరు పెద్దావిడ ఇంటికి పెరుగు తోడు కోసం ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని వెళ్లేవారు. వెళ్లినవాళ్లు మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగేవారు, కిందికి దిగితే మాత్రలు తెచ్చిపెట్టేవారు. ఆవిడ ఏ యాప్ వాడరు. ఇప్పుడు మాత్రలు అమెరికా నుంచి కొడుకు ఆర్డర్ చేస్తాడు, డెలివరీ కుర్రాడు సంచి తలుపుకు తగిలించి వెళ్లిపోతాడు.

అప్పులు వద్దని నా వాదన కాదు. నెలకు నూటికి ఐదు చొప్పున పిండేవాళ్లను కళ్లారా చూసినవాణ్ణి. నేను కోరేది ఒక్కటే. మీ విలేకరి వ్యాసం కోసం తిరిగిన ఊరికి మళ్లీ వెళ్తే, అప్పు పుస్తకం లేని ఇంటి తలుపు కూడా తట్టమనండి. అవసరానికి ఐదొందలు కావాలంటే ఇప్పుడు ఎవరిని అడుగుతున్నారో, ఇదివరకు ఎవరిని అడిగేవారో రాసుకురమ్మనండి. వీలైతే రెండేళ్లాగి అదే ఇంటికి మరోసారి పంపండి.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
కృష్ణరాజపురం, బెంగళూరు