విస్కీ రంగును చూసి నాణ్యత తేల్చలేము

సంపాదకులకు,

షెర్రీ (స్పెయిన్ ద్రాక్షమద్యం) పీపాల్లో నిల్వ చేసిన సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతో చేసిన విస్కీ) ఎంత ముదురు రంగులో ఉంటే అంత శ్రేష్ఠమన్న భావన మీ పత్రికలో ఇటీవల వచ్చిన స్కాచ్ విస్కీల వ్యాసంలో ధ్వనించింది. రంగు కోసం కారమెల్ (మాడ్చిన చక్కెర) కలపడానికి స్కాచ్ నిబంధనలే అనుమతిస్తున్నప్పుడు అది కొలమానం ఎలా అవుతుంది?

కారమెల్ కలపని గ్లెన్‌ఫార్క్లస్ 15 ఏళ్లదాన్ని, గ్లెన్‌డ్రోనాక్ 12 ఏళ్లదాన్ని, ఈ రెండు సింగిల్ మాల్ట్‌లనూ పక్కపక్కన ఉంచి రుచి చూస్తే పీపా ప్రభావం స్పష్టంగా తెలుస్తుంది. ఒలొరోసో అనే తీపి లేని షెర్రీ పీపాల్లో పెరిగిన మొదటిదానిలో అక్రోటు, నారింజ తొక్క వాసనలతో పాటు నాలుక చివర కొద్దిపాటి వగరు మిగులుతుంది. ఒలొరోసోకు తోడు అతి తియ్యని పెడ్రో హిమెనెజ్ షెర్రీ పీపాలనూ వాడిన రెండోది కిస్‌మిస్, ఖర్జూరాల వైపు మొగ్గుతుంది. నా ఓటు మొదటిదానికే. దాదాపు 60 శాతం ఆల్కహాల్ ఉండే మరో షెర్రీ పీపాల విస్కీ అబెర్లోర్ అబూనాను మాత్రం నాలుగు చుక్కల నీళ్లు కలపకుండా వీటితో పోల్చడం అన్యాయం.

మరొక విషయం. షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో నింపాలన్న నియమం 1980లలో వచ్చాక షెర్రీతో బ్రిటన్‌కు వచ్చి, ఖాళీ అయ్యాక విస్కీకి పనికొచ్చే రవాణా పీపాల రాక ఆగిపోయింది. నేటి షెర్రీ పీపాల్లో అధికభాగం విస్కీ కోసమే తయారుచేయించి, కొంతకాలం షెర్రీతో నానబెట్టినవే. వ్యాసంలో ఈ ప్రస్తావనే లేదు.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం