గంజి పడిన చెయ్యి

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి.

చిట్టీ,

నీ ఉత్తరం బుధవారం అందింది. నాలుగు రోజులు సంచీలో పెట్టుకుని తిరిగాను, ఇప్పటికి తీరిక దొరికింది. పన్నెండేళ్ళు విశాఖలో పెద్దవాళ్ళ సర్జరీ వార్డులో చేసిన దానివి, ఇప్పుడు పిల్లల వార్డుకు మార్చేసరికి బెంగ పట్టుకుందన్నావు. "ఈ చిట్టి వేళ్ళకు కట్టు కట్టబోతే నా వేళ్ళే వణుకుతున్నాయి" అని రాశావు. వణకనీ. నాకూ మొదటి ఆరు నెలలు వణికాయి. ఫోనులో చెబుదామంటే నీకు పగలు డ్యూటీ ఉన్నప్పుడు నాకు రాత్రి ఉంటోంది. అయినా ఇవి ఫోనులో చెబితే తీరే సంగతులు కావు. అన్నం తిని, వంటిల్లు సర్దేసి కూర్చున్నాను. నువ్వూ తీరిగ్గా చదువు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మహేంద్రతనయలో నీళ్ళు సన్నబడ్డాయి. వార్డు వరండాలో కూర్చుంటే ఒకే బెంచీ మీద తెలుగు, ఒడియా, సవర మూడూ వినిపిస్తాయి. 1936లో ఈ ఊరు ఒరిస్సాలో కలిసినా మా వీధిలో తెలుగు ఎక్కడికీ పోలేదు. ఏడ్చే పిల్లవాడికి "కాందొనా బాబూ" అని ఒడియాలో చెప్పి, వెంటనే వాళ్ళ అమ్మమ్మతో తెలుగులో మాట్లాడడం నాకు అలవాటైపోయింది. కొండ మీది నుంచి వచ్చే సవర తల్లుల దగ్గరే నా నోరు కట్టుబడిపోతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారని చిన్నప్పుడు చదువుకున్నాం కదా. అప్పుడది పరీక్షలో రెండు మార్కుల జవాబు. ఇప్పుడు మా వార్డు ఆయా సవర మాటను తెలుగులోకి మార్చి చెబుతుంటే, ఆయన పడిన శ్రమ విలువ రోజూ గుర్తుకొస్తోంది.

నీకు ముందుగా ఒక పిల్లవాడి సంగతి చెప్పాలి. ఇది నీకింతవరకు చెప్పలేదు. నేను ఈ వార్డులో చేరిన ఏడాదే, మూడేళ్ళ బాబును తీసుకువచ్చారు. నిప్పుల మీద చెయ్యి పెట్టేశాడు. అరచెయ్యి, నాలుగు వేళ్ళు కాలాయి. వాళ్ళ అమ్మ పళ్ళు తోముకునే పేస్టు దట్టంగా పూసి, పైన పసుపు అద్ది తెచ్చింది. అది కడిగి తీయడానికి గంట పట్టింది, పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు. నాకు కోపం ఆగలేదు. "నీకు బుద్ధి ఉందా, బిడ్డ చేతిని నువ్వే పాడుచేశావు" అని అందరి ముందూ అనేశాను. ఆమె తల వంచుకుని ఊరుకుంది. రెండు రోజుల తరువాత మళ్ళీ డ్రెస్సింగుకు రావాలి, రాలేదు. మూడు నెలలకు జ్వరమని తీసుకువచ్చినప్పుడు చూశాను. పుండు మానింది. కాని నాలుగు వేళ్ళూ అరచేతిలోకి ముడుచుకుని అతుక్కుపోయాయి. నేను తెరవబోతే తెరుచుకోలేదు. ఎందుకు రాలేదమ్మా అని అడిగితే, "మళ్ళీ తిడతారని" అంది.

కాలిన చోట పేస్టు రాయడం తప్పే. కాని ఆ చెయ్యి ముడుచుకుపోయింది పేస్టు వల్ల కాదు. వేలికీ వేలికీ మధ్య గాజుగుడ్డ పెట్టి, విడివిడిగా చుట్టి, అరచెయ్యి తెరిచి ఉంచేలా చెక్క కట్టి, మూడు వారాలు చూసుకుంటే దక్కేది. ఆ మూడు వారాలనూ నా నోరు పోగొట్టింది. అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను. పిల్లల వార్డులో మొదటి ప్రశ్న "ఏమి రాశారమ్మా?" అనే. అయితే అది తల్లి భయపడకుండా జవాబు చెప్పేలా అడగాలి. ఆకుపసరా, బూడిదా, సిరానా, పేడా, ఏదైనా సరే. ఆమె చెప్పిన దాన్నిబట్టే ఎలా కడగాలో, ధనుర్వాతం టీకా సంగతి ఎంత తొందరగా చూడాలో మనకు తెలుస్తుంది. ఆమె రాసింది బిడ్డ మంట చూడలేకే కదా.

ఇప్పుడు గంజి పాప సంగతికి వస్తాను. ఫాల్గుణంలో వచ్చింది. మహేంద్రగిరి వైపు కొండపల్లె, రెండేళ్ళ పాప, సరిగ్గా 10 కిలోలు. వాళ్ళ పొయ్యి నేల మీదే ఉంటుంది. వార్చిన గంజి గిన్నె పక్కన పెట్టి తల్లి అటు తిరిగిందట, పాప అంచు పట్టుకుని లాగింది. కుడిచెయ్యి, రొమ్ము, పొట్ట కాలాయి. చిట్టీ, ఉత్త వేణ్ణీళ్ళు పడితే జారిపోతాయి. గంజి అలా కాదు, చర్మాన్ని పట్టుకుని కూర్చుంటుంది, చల్లారడానికి చాలాసేపు తీసుకుంటుంది. అందుకే గంజి, జావ, పప్పు పడి కాలిన గాయం పైకి కనిపించే దానికంటే లోతుగా ఉంటుంది. ఆ క్షణంలో గుడ్డలు తీసేసి, పారే నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచితే లోతు తగ్గుతుంది. మూడు గంటల లోపు పోసినా ఎంతో కొంత మేలు. మంచుగడ్డ మాత్రం వద్దు. ఒళ్ళంతా తడిపి వదిలేస్తే చిన్నపిల్లలు ఇట్టే చల్లబడిపోతారు కాబట్టి, కాలిన చోట నీళ్ళు పోస్తూ మిగతా ఒంటికి దుప్పటి కప్పాలి. ఈ పాపకు ఉదయం ఏడింటికి గంజి పడితే మా దగ్గరకు చేరేసరికి పదకొండయింది. నీళ్ళ వేళ దాటిపోయింది.

ఒళ్ళు ఎంత శాతం కాలిందో కట్టడానికి పెద్దవాళ్ళకు వాడే తొమ్మిదుల లెక్క ఇక్కడ పక్కన పెట్టెయ్యి. పెద్దవాళ్ళకు తల 9 శాతం, ఒక్కో కాలు 18 కదా. ఏడాది లోపు బిడ్డకు తలే 18 శాతం దాకా ఉంటుంది, కాలు 14 దగ్గర ఆగుతుంది. అందుకే వయసును బట్టి ఏ భాగం ఎంత శాతమో చూపే లండ్-బ్రౌడర్ పటం ఒకటి గోడకు అంటించుకో. అక్కడక్కడా చెదురుగా కాలితే పిల్ల అరచెయ్యి, వేళ్ళతో సహా, ఒక శాతం. పిల్ల అరచెయ్యి, నీది కాదు! కొత్తవాళ్ళు తమ చేతితో కొలిచేస్తారు, ఎంతో తేడా వస్తుంది. మా పాపకు 12 శాతం తేలింది. మొదటి రోజు నరంలోకి ఎక్కించే నీళ్ళను మా డాక్టరుగారు కిలో బరువుకు, కాలిన ఒక్కో శాతానికి 3 మిల్లీలీటర్ల చొప్పున లెక్క కడతారు, 4 చొప్పున కట్టేవారూ ఉన్నారు. మూడు పదులు ముప్పై, దాన్ని పన్నెండుతో హెచ్చిస్తే 360 మిల్లీలీటర్లు. అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లో వెళ్ళాలి. ఆ ఎనిమిది గంటలు గంజి పడినప్పటి నుంచి లెక్క, ఆసుపత్రిలో అడుగు పెట్టినప్పటి నుంచి కాదు. నాలుగు గంటలు దారిలోనే పోయాయి కాబట్టి ఆ 180 మిగిలిన నాలుగింటిలోనే ఎక్కించాం. రోజూ ఒంటికి కావలసిన నీళ్ళు దీనికి వేరుగా ఇవ్వాలి, పదికిలోల పిల్లకు 1000. సరిపోతున్నాయో లేదో మూత్రమే చెబుతుంది, గంటకు కిలోకు ఒక మిల్లీలీటరైనా రావాలి. ఈ పాపకు గొట్టం వెయ్యలేదు. పొడి గుడ్డను తూచి కట్టి, తడిసిన తరువాత మళ్ళీ తూచాం. పెరిగిన గ్రాములే మిల్లీలీటర్లు. ఆ రాత్రంతా నేనూ ఆయా తక్కెడ దగ్గరే ఉన్నాం.

రెండో రోజు నుంచి అసలు పని డ్రెస్సింగే. దానికి అరగంట, ముప్పావుగంట ముందు నొప్పి మందు పడాలి. పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఈ పాపకు 150. సీసా మీద 5 మిల్లీలీటర్లకు 125 అని ఉందో, 250 అని ఉందో ప్రతిసారీ చదువు. రెండు రకాలూ ఒకే అలమారలో ఉంటాయి, రంగు చూసి పోయకు. నొప్పి ఎంతుందో చెప్పలేని వయసు కాబట్టి ముఖం, కాళ్ళు, కదలిక, ఏడుపు, ఎత్తుకుంటే ఊరుకుంటుందా అన్నది, ఈ ఐదూ చూసి ఒక్కోదానికి సున్న నుంచి రెండు వరకు వేసుకుంటాం. అయితే తిండి చాలక చిక్కిపోయిన బిడ్డ ఏడవదు, కళ్ళు తెరుచుకుని చూస్తూ ఉంటుంది, అంతే. ఊరుకుంది కదా అని నొప్పి లేదనుకోవద్దు.

ఎండి అతుక్కున్న గాజుగుడ్డను ఎప్పుడూ లాగకు. లాగితే కొత్తగా వస్తున్న చర్మం కూడా ఊడి వస్తుంది. నేనిప్పుడు ఒక పని చేస్తున్నాను. సూది తీసేసిన సిరంజిలో గోరువెచ్చని సెలైన్ నింపి పిల్ల చేతికే ఇచ్చేస్తాను. ఈ పాప మొదటి రోజు దాన్ని విసిరికొట్టింది. మూడో రోజు పట్టుకుని నా మీద చిమ్మింది. ఐదో రోజు తన కట్టు మీద తానే చిమ్ముకుంది. ఎడమచేతితో, నాలుక బయట పెట్టి, ఎంత శ్రద్ధగానో! పావుగంట అలా తడిపేసరికి గాజుగుడ్డ ఒక మూల దానంతట అదే లేచింది. పాప ఆ మూల కేసి చూసి, నా కేసి చూసి, మళ్ళీ చిమ్మింది. తల్లి ఒళ్ళోనే కూర్చోబెట్టుకునేది. మంచం మీద పడుకోబెట్టి నలుగురం అదిమి పట్టుకునే పద్ధతి నేను మానేశాను. మంచం మీద ఏ సూదీ, ఏ డ్రెస్సింగూ చెయ్యను. పిల్లకు నిద్రపోయే చోటైనా భయం లేకుండా ఉండాలి.

కాలినవి, తగిలినవి రోజుకు రెండో మూడో. ఎక్కువ వచ్చేవి చర్మపు జబ్బులే. గజ్జి గురించి నీకు చెప్పేదేముందనుకోకు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది, అంటే మనమొక్కరమే చిన్నచూపు చూడడం లేదన్నమాట. పెర్మెత్రిన్ క్రీము ఇచ్చి పంపితే సరిపోదు. మెడ నుంచి పాదాల దాకా, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డు, మొలతాడు కింద కూడా రాయాలి. పసివాళ్ళకైతే తల, అరికాళ్ళు కూడా. రాత్రి రాసి, పొద్దున్న కడిగి, వారానికి మళ్ళీ రాయాలి. ఇంట్లో దురద ఉన్నా లేకపోయినా అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. అన్నదమ్ములిద్దరు మూడుసార్లు తిరిగి వచ్చారు నా దగ్గరకు. చివరికి తేలిందేమిటంటే, పిల్లలను పక్కలో వేసుకుని పడుకునే నాయనమ్మకు క్రీము చాలదని రాయలేదు. ఇప్పుడు చీటీ మీద ఇంట్లో ఎంతమంది పడుకుంటారో లెక్క రాసుకుని, అన్ని ట్యూబులూ అడిగి ఇప్పిస్తున్నాను. మందు పని చేసినా దురద రెండు మూడు వారాలు ఉంటుందని ముందే చెప్పు. చెప్పకపోతే మందు పారేసి పసరు వెతుక్కుంటారు.

గీకిన చోట చీము పట్టి తేనె రంగు పొక్కులు కట్టిన పిల్లలను ఆరు వారాల దాకా కనిపెట్టి ఉండాలి. పొద్దున్న లేచేసరికి ముఖం ఉబ్బినా, మూత్రం డికాషను రంగులో వచ్చినా వెంటనే తీసుకురమ్మని తల్లికి చెప్పు. చర్మం మీది సూక్ష్మజీవి మూత్రపిండాలకు చేటు తెస్తుంది. పాదాలు ఉబ్బి, చర్మం పాత గోడ సున్నంలా పొరలు పొరలుగా లేచిపోయే బిడ్డకైతే లేపనాలతో పని కాదు. అది తిండి లేమి. ఆ బిడ్డను కాలిన బిడ్డలాగే మెత్తగా పట్టుకోవాలి, వెచ్చగా ఉంచాలి, పాలు కొద్దికొద్దిగా పట్టాలి.

నాకు నిజంగా కడుపు మండేది తామర పిల్లలను చూసినప్పుడు. దుకాణంలో మూడు మందులు కలిపిన క్రీము ఏదో అంటగడతారు. అందులో స్టెరాయిడు ఉంటుంది, రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, తల్లి సంతోషిస్తుంది. లోపల తామర మాత్రం హాయిగా పాకుతుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి, చర్మం పల్చబడి తెల్లగా మారిన తరువాత మన దగ్గరకు వస్తారు. పసివాళ్ళ చర్మం పల్చన, బరువుతో పోలిస్తే విస్తీర్ణం ఎక్కువ, కాబట్టి పైన పూసిందల్లా లోపలికి దిగుతుంది. నెలలు నిండని బిడ్డ చర్మం మీద స్పిరిటు కూడా కాలుస్తుంది. ప్లాస్టరు తీయాలన్నా కొబ్బరినూనె రాసి, చర్మాన్ని వేలితో అదిమి పట్టి, పక్కకు వాల్చి తియ్యి. పైకి పీకకు.

ఆటలమ్మ పోసిన పిల్లల మంచానికి వేపరెమ్మ కట్టుకుంటామంటే కట్టుకోనిస్తాను. దానివల్ల పోయేదేమీ లేదు. గోళ్ళు కత్తిరిస్తాను, ఆస్పిరిన్ ఇవ్వవద్దని మాత్రం రెండుసార్లు చెబుతాను.

గంజి పాపకు రొమ్ము, పొట్ట రెండు వారాల్లో మానాయి. ముంజేతికి దాదాపు నెల పట్టింది. రాత్రిళ్ళు మోచెయ్యి చాచి ఉండేలా చెక్క కట్టాం, తల్లికి ఆ కట్టు కట్టడం నేర్పాం. ఇప్పుడు నాకంటే ఆమే బాగా కడుతోంది. ఒక్కసారి కూడా రావడం మానలేదు. మొదటి రోజు ఆయా చేత అడిగించినప్పుడు బూడిద రాశానని ఆమె మెల్లగా చెప్పింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి, కడుగుదాం రమ్మన్నాను. అంతే చేశాను.

ఇంతకీ నీతో పని ఉంది. మానిన చోట మచ్చ ఎర్రగా, గట్టిగా ఉబ్బుతోంది. అది అణిగి ఉండడానికి బిగుతు తొడుగు కావాలి, స్నానానికి తప్ప రోజంతా వేసి ఉంచాలి. బరంపురం దాకా మాటిమాటికీ తిరగడం వాళ్ళవల్ల కాదు. మీ వార్డులో కాలినవాళ్ళకు తొడుగులు కుట్టి ఇచ్చే ఒకాయన ఉన్నాడని నువ్వు ఎప్పుడో అన్నావు. రెండేళ్ళ పిల్లకు కుడతాడేమో కనుక్కో. కొలతలు ఇవి, నిన్ననే తీశాను. కుడిచెయ్యి: మణికట్టు చుట్టూ 11 సెంటీమీటర్లు, ముంజేయి లావున్న చోట 13న్నర, మోచెయ్యి పైన 14, మణికట్టు నుంచి మోచేతి మడత దాకా పొడవు 12. పిల్ల ఎదుగుతోంది కాబట్టి కుట్టు లోపల కొంచెం గుడ్డ వదలమను. డబ్బు సంగతి నేను చూసుకుంటాను. పాతపట్నం వచ్చే బస్సులో ఎవరిచేతనైనా పంపితే నేను వెళ్ళి తెచ్చుకుంటాను. మళ్ళీ గురువారం వస్తారు వాళ్ళు.

నీ
పర్లాకిమిడి నేస్తం