మంగళవారం సాయంత్రం నాలుగింటికి

చి. కిరణ్‌ని అమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ స్వాతీ పాపా కులాసా అని తలుస్తాను. తలచుకోవడం తప్ప తెలిసే దారి లేదు. నీ ఫోను వచ్చి ఇవాళ్టికి 22 రోజులు. పనిగట్టుకుని లెక్కపెట్టలేదు, పాల లెక్క రాసుకునే క్యాలెండర్లో కనపడింది.

వెంకాయమ్మత్త మనవరాలు ఆదివారం ఫ్లైటెక్కుతోంది. సూట్‌కేసులో రెండు కిలోలకి చోటిస్తానంది. ఆవకాయ ఒక కిలో, నువ్వుల కారం అర, పాపకి రాగిమాల్టు పొడి అర, వాటి మధ్యలో ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పెట్టొచ్చు గానీ నీలం టిక్కులు పడకుండా చదవడం నువ్వు నేర్చుకున్నావట కదా, స్వాతి చెప్పింది.

ఎండలు మండిపోతున్నాయి. మోటారు మళ్ళీ కాలింది. శేషు బాబాయి రెండో కన్ను ఆపరేషన్ కూడా అయిపోయింది, ఇప్పుడు మా అందరి ముడతలూ లెక్కపెడుతున్నాడు.

అన్నట్టు, పెద్దమ్మ కొడుకు మధు మొన్న ఫోన్ చేశాడు. నిన్ను చూశాడట. పోయినేడాది అమెరికా వచ్చినప్పుడు మమ్మల్ని తీసుకెళ్ళావే, ఆ బీరు షెడ్డులో. మంగళవారం, సాయంత్రం నాలుగింటికి. ఒక్కడివే కూర్చున్నావట, ముందు ల్యాప్‌టాప్, పక్కన గ్లాసు. పలకరిద్దామనుకుని ఎందుకో ఊరుకున్నాడట. నేనేమీ అడగట్లేదు. మంగళవారం కదా అనిపించింది, అంతే.

తాగుడు గురించి బెంగ అనుకునేవు. చిన్నతాతకి అన్నం పెట్టినదాన్ని గనక ఒకప్పుడైతే ఆ మాటకే కాళ్ళు వణికేవి. కానీ ఆ షెడ్డు నేను కళ్ళారా చూశానుగా. నువ్వు 'ట్యాప్‌రూమ్‌కి వెళ్దామమ్మా, ఫ్యామిలీలన్నీ వస్తాయి' అంటే కుళాయిల షాపేమో అనుకున్నాం. బాత్రూమ్ కుళాయి మార్చాలని నాన్నగారు అప్పటికి నెల రోజులుగా అంటున్నారు, అందరికంటే ముందు కారెక్కి కూర్చున్నారు.

తీరా చూస్తే గోడౌను. రోడ్డువైపు గోడ గోడంతా పైకి లేచే షట్టరే. లోపల స్టీలు ట్యాంకులు, ఒక్కోటి మన పెంకుటిల్లంత ఎత్తు. పొడుగు బల్లలు, బల్లల కింద కుక్కలు, మధ్యలో పసిపిల్లల తోపుడు బండ్లు. పాప ఈడు పిల్లలు నేలమీద కూర్చుని బొమ్మలకి రంగులేస్తున్నారు. నేనెరిగిన సారా కొట్టంటే చీకటి గది, గుమ్మానికి గోనెపట్టా. మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదు గనక బయట నిలబడి పిల్లాణ్ణి లోపలికి తోలే ఆడవాళ్ళు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకి ఎదురుతిరిగిన సంగతి పేపర్లో చదివాక మా వీధిలో ఏం చేశామో నీకు వందసార్లు చెప్పాను, మళ్ళీ చెప్పను.

నువ్వు చెక్కపలక మీద ఐదు చిన్న గ్లాసులు తెచ్చావు. మొదటిది ఎండుగడ్డి రంగు, మూడోది చారు రంగు, చివరిది అచ్చం కాఫీ డికాషన్. దీన్ని ఫ్లైట్ అంటారన్నావు. 'మళ్ళీ ఫ్లైటా' అన్నారు నాన్నగారు, అప్పటికింకా కాళ్ళ వాపు తగ్గలేదు ఆయనకి. అంతలో స్వాతి పాప చేతిలో ఒక గ్లాసు పెట్టింది. నల్లగా, పైన నురగ. ఏంటే అది అంటే 'రూట్ బీర్, నానమ్మా' అంది ఆ గుంట. లాగేసుకున్నాను. సగం నా గద్వాల చీర మీద పడింది, సగం బల్ల కింద కుక్క మీద. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలతిప్పి చూశారు. 'అది సోడాయే అత్తయ్యా, పేరే బీరు' అని స్వాతి మొత్తుకున్నా నేను నమ్మలేదు, వేలు ముంచి నాకాను. ఐయోడెక్స్ వాసన! ఇది డబ్బు పోసి పిల్లకి తాగించడమెందుకు, నా నడుముకి రాసినా పనికొచ్చేది.

తుడవడానికి ఆ గడ్డం అబ్బాయి వచ్చాడు, రబ్బరు బూట్లు వేసుకుని. బీరు కాచేది ఆయనే అన్నావు. నువ్వు జరిగింది చెప్తే పడీపడీ నవ్వి, మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి నా చేతిలో గుప్పెడు గింజలు పోశాడు. మాల్టు అన్నాడు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, సన్నటి సెగ మీద వేయించిందట. నోట్లో వేసుకుని నమిలాను. నీకు ఆరో నెల నుంచి నేను పట్టించిందీ అదేగా, గింజ ఒకటే వేరు. దాన్ని దంచి 65 డిగ్రీల నీళ్ళలో గంటసేపు ఉంచితే పిండి చక్కెరవుతుందట. ఆ నీళ్ళు మరిగించి అందులో హాప్స్ వేస్తారు. హాప్స్ పచ్చటి మొగ్గల్లా ఉన్నాయి. అరచేతిలో నలిపితే జిగురు, నారింజ తొక్క వాసన, నాలిక్కి తగిలితే వేప. తరవాత చల్లార్చి ఈస్టు కలిపి పులియబెడతారు. ఎండాకాలం ఇడ్లీపిండి గిన్నె దాటి పొంగినట్టు పొంగిపోదా అని అడగమన్నాను నిన్ను. ట్యాంకు నుంచి బకెట్ నీళ్ళలోకి దిగిన గొట్టం చూపించాడాయన. బుడబుడమని ఒకటే బుడగలు.

పిప్పి డ్రమ్ముల్లో ఆవిర్లు కక్కుతోంది. అచ్చం మన కుడితి తొట్టి వాసన. ఎవరో రైతు వచ్చి ఆవులకి తీసుకెళ్తాడని తెలిశాక నాన్నగారు మెత్తబడ్డారు. 'పారెయ్యట్లేదు, బాగుంది' అన్నారు. ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ పని ఏమిటి అని కూడా అడిగారు. కడగడం అన్నాడాయన. రోజులో ముప్పావు వంతు కడగడమేనట, నా బతుకులాగే. అప్పుడు నువ్వన్నావు, 'ఉద్యోగం పోతే నేనూ ఇక్కడే ట్యాంకులు కడుక్కుంటానమ్మా' అని. అందరం నవ్వాం.

తిరుగు దారిలో కారు స్వాతి నడిపింది. అది నాకు నచ్చింది. నువ్వు పక్కన కూర్చుని పాఠం చెప్పావు. 1920 నుంచి 1933 దాకా ఆ దేశంలోనూ మద్యనిషేధమేనట, ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978లో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం పెడితేగాని అనుమతి రాలేదట, కాచినచోటే గ్లాసుల్లో పోసి అమ్మొచ్చని మీ ఒరెగాన్‌లో చట్టమొచ్చింది 1985లోనట. మన నిషేధం 1995 జనవరిలో వచ్చి 1997కల్లా పోయింది అన్నాను నేను. ఆ రెండేళ్ళలో నీకు గుర్తున్నది చిన్నతాత రాత్రిపూట మన ఇంట్లో కూర్చుని అన్నం తినడం ఒక్కటే.

నీతులు చెప్పనని రాయడం మొదలుపెట్టాను. అయినా ఖాళీకడుపుతో తాగకు. ఎనిమిదో క్లాసులో పచ్చకామెర్లు వచ్చిన లివరు నీది. ఆ పలక మీది బుల్లి గ్లాసులు ఐదూ కలిపితే పైంటు దాటుతుందని నువ్వే చెప్పావు. పైంటంటే అక్కడ 473 మిల్లీలీటర్లు, ఏడు డాలర్లు. ఇక్కడి లెక్కన ఆరువందలు, రోజుకొకటైతే నెలకి 18 వేలు. జీతం వస్తున్నవాడికి అదో లెక్క కాదులే. కారు మాత్రం స్వాతి చేతికే ఇవ్వు. బండి నడిపేవాళ్ళ రక్తంలో మద్యం 0.08 శాతం అని ఏదో హద్దుందన్నావు, ఆ హద్దు ఎక్కడుందో వెతకాల్సిన అవసరం మనకి లేదు. పోలీసు కేసుతో ఆగదు, వీసా మీదికొస్తుంది.

వీసా అంటే గుర్తొచ్చింది, పై వాటా మాస్టారి అల్లుడికి అక్కడ అమెరికాలో ఉద్యోగం పోయింది. 60 రోజుల్లో ఇంకో కంపెనీ దొరకాలట. మాస్టారికి బయటివాళ్ళు చెప్తే తెలిసింది. 'పోతే పోయిందమ్మా, మాకు చెప్తే ఏం పోయేది' అని మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. ఏదో ఊళ్ళో కబురు గనక రాశాను.

మిల్లు మూసేసిన ఏడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. నాన్నగారు నాలుగు నెలలు రోజూ ఎనిమిదింటికి క్యారియర్ పట్టుకుని బయల్దేరేవారు. ఆరింటికి ఖాళీ క్యారియర్‌తో వచ్చేవారు. ఎక్కడ కూర్చుని తినేవారో ఇప్పటికీ తెలీదు. అంతకుముందు పద్నాలుగేళ్ళూ ఆయన చొక్కా నానబెడితే బకెట్లో దూది నూగు తెల్లగా పైకి తేలేది. మొదటివారమే నీళ్ళు తేటగా ఉన్నాయి. నేనేమీ అడగలేదు, క్యారియర్‌లో రెండో కూర పెట్టడం మొదలుపెట్టాను. అడగాల్సింది. ఇది రాశానని ఆయనకి చెప్పకు.

ఆవకాయలో తడి చెంచా పెట్టకండి. సీసా అందగానే పైన నూనె తేలిందో లేదో చూడు, తగ్గితే నువ్వులనూనె కాచి చల్లార్చి పొయ్యి. రాగిమాల్టు పాపకనే పంపుతున్నాను గానీ పొద్దున్నే నువ్వూ ఒక గ్లాసు తాగు, కడుపులో చల్లగా ఉంటుంది. మాస్టారి అద్దె డబ్బులు రెండేళ్ళవి పోస్టాఫీసులో అలాగే ఉన్నాయి, మేము ముట్టుకోలేదు.

నేను లేచేది నాలుగున్నరకని నీకు తెలుసు. అప్పుడు మీకు ముందురోజు సాయంత్రం నాలుగు. ఆఫీసులో ఉంటావని ఇన్నేళ్ళూ ఆ టైంకి చెయ్యలేదు. ఇప్పుడు నీకు వీలయితే చెయ్యి. నాన్నగారు లేచేది ఆరింటికి.

అమ్మ