కుర్చీ మీద తువ్వాలు

ఒరే శ్రీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, పడతాను. అమ్మ మోకాలు నయం, నేను ఇల్లు మారాను, మిగతా అంతా మామూలే. అసలు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మా వార్డులో తొమ్మిదో మంచం పెద్దాయన. చేరి 12 రోజులైనా ఎవరితోనూ మాట కలపలేదు. ప్రాణం తీసుకుంటాడేమోనన్న భయంతో 15 నిమిషాలకోసారి చూసి చార్టులో టిక్కు పెట్టాలి. ఎనిమిది గంటల డ్యూటీకి 32 టిక్కులు. తొంగి చూడడం, టిక్కు పెట్టడం. ఒక రాత్రి గోడవైపు తిరిగే అన్నాడు: "బతికే ఉన్నాను, రాసుకోండి."

సిగ్గుతో చచ్చిపోయాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియడం లేదని ఆయనకే చెప్పాను. పది నిమిషాలు ఇద్దరం ఊరికే ఉన్నాం. లేస్తూ, "రేపు పదింటికి మళ్లీ వస్తాను" అన్నాను.

మన నర్సింగు పాఠాల్లో చదివిన పెప్లౌ గుర్తుందా? నర్సుకూ రోగికీ మధ్య కుదిరే సంబంధానికి ఆవిడ 1952లో చెప్పిన నాలుగు దశలకు నువ్వు పాట కట్టావు, నీ మూడో చరణం నమ్మి పరీక్షలో నేను మునిగాను! నర్సు పాత్రల్లో ఆవిడ మొదట చెప్పింది అపరిచితుడి పాత్ర. ఇన్ని టిక్కులు పెట్టినా నేను అక్కడే ఉన్నానురా.

మర్నాడు మనుషులు చాలక నన్ను వేరే వార్డుకు పంపారు. పదింటికి వెళ్లలేదు. కబురైనా పంపలేదు. తొమ్మిదిన్నరకే ఆయన కుర్చీని మంచం పక్కకు జరిపి, దానిమీది తువ్వాలు తీసి ఉంచాడని ఆయా తర్వాత చెప్పింది. నేను వెళ్లేసరికి కుర్చీ మళ్లీ గోడ దగ్గర ఉంది, దానిమీద తువ్వాలు.

కారణాలు నోటిదాకా వచ్చాయి. మింగేశాను. "వస్తానని రాలేదు. తప్పు నాది" అన్నాను. ఎంతసేపటికో లేచాడు. తువ్వాలు తీసి నాలుగు మడతలు వేసి ఒళ్లో పెట్టుకున్నాడు. అంతే, కుర్చీ వైపు చూడనైనా లేదు. నేను కూర్చున్నాను.

తర్వాత చెప్పినవన్నీ ఆయనవి, రాయను. చావాలనిపిస్తోందా అని మాత్రం నేరుగా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చదువుకునే రోజుల్లో ఎంత భయపడేవాళ్లం! పుట్టదురా. ఎవరో ఒకరు అడిగారన్నట్టు ఊపిరి వదిలాడు. ఇది డాక్టరుకు చెప్పక తప్పదన్నాను. కోపం వచ్చింది ఆయనకు, రెండు రోజులు మాట్లాడలేదు. కానీ తువ్వాలు మళ్లీ కుర్చీ మీదికి రాలేదు, చూశావా!

వచ్చేవారం ఇంటికి వెళ్తున్నాడు. నిన్న నా ఫోను నంబరు అడిగాడు. ఇవ్వలేదు. ఇవ్వకూడదని తెలుసు, ఎందుకో కూడా ఆయనకు చెప్పాను. అయినా రాత్రంతా... నువ్వైతే ఏం చేసేవాడివి? నీతులు చెప్పకు, నిజం రాయి. అన్నట్టు నీ

డ్యూటీ వ్యాను వచ్చేసింది. ఉంటాను.