రెండు గదుల ఉష్ణోగ్రతలను తారుమారు చేస్తున్న మీ కంట్రోలర్ ఫర్మ్‌వేర్‌పై ఫిర్యాదు

వరంగల్

సాంకేతిక సేవల విభాగాధిపతి గారికి,

అయ్యా,

ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నేను బిగించిన మీ కూలింగ్ కంట్రోలర్ మొదటి గది ఉష్ణోగ్రతను రెండో గదిదిగా, రెండో గదిదాన్ని మొదటిదిగా నమోదు చేస్తోంది. సరుకు దించడానికి తలుపు తెరిచిన రెండో గది వేడెక్కుతుంటే, అప్పటికే చల్లగా ఉన్న మొదటి గదికి కూలింగ్ పెంచింది. ఆ వేడిలో ఉన్నవి రంగును బట్టి ధర పలికే చపాటా రకం మిర్చి బస్తాలు.

సెన్సర్ల వైర్లు అటూఇటూ అయి ఉంటాయని మీ సర్వీసు వారు ఫోన్‌లోనే తేల్చేసి, వాటిని మార్చుకోమన్నారు. వైర్లు సరిగ్గానే ఉన్నాయి. సెన్సర్ల కొలతలను కంట్రోలర్‌కు చేర్చే మోడ్‌బస్ లైన్ మీద పట్టి చూస్తే వచ్చిన డేటా బైట్లు, హెక్స్ (పదహారు ఆధారంగా రాసే) అంకెల్లో, 00 3సి 00 5ఎఫ్. మోడ్‌బస్‌లో ప్రతి రిజిస్టరుకూ (ఒక కొలత ఉండే రెండు బైట్ల గడికి) పై బైటు, అంటే ఎక్కువ విలువ గలది, ముందు వస్తుంది కనుక ఇవి డిగ్రీలో పదో వంతుల లెక్కన 60, 95. అంటే మొదటి గదిలో 6.0, రెండో గదిలో 9.5 డిగ్రీలు.

లోపమంతా ఫర్మ్‌వేర్‌తో (కంట్రోలర్ లోపలి ప్రోగ్రాంతో) పాటు మీరిచ్చిన అసెంబ్లీ ఫైల్లో ఉంది. అందులో రెండు రిజిస్టర్లను ఎల్‌డీఆర్ అనే ఒకే ఆదేశంతో చదివి, ఆర్‌ఈవీ ఆదేశంతో తిప్పి, ఎస్‌టీఆర్ ఆదేశంతో పట్టికలో రాస్తున్నారు. మీ బోర్డు మీది కార్టెక్స్-ఎం3 ప్రాసెసర్ కింది బైటును ముందు ఉంచుకుంటుంది. ఆర్‌ఈవీ నాలుగు బైట్లనూ కలిపి తిరగేస్తుంది కనుక, అంకెలు సరిగ్గానే వచ్చినా 5ఎఫ్ మొదటి గది గడిలోకి, 3సి రెండో గది గడిలోకి చేరుతున్నాయి. అక్కడ ఉండవలసింది ఒక్కో జతలోని బైట్లను మాత్రమే మార్చే ఆర్‌ఈవీ16 ఆదేశం. రెండు సెన్సర్లనూ ఒకే బల్ల మీద పెట్టి పరీక్షిస్తే ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు, ఎందుకంటే రెండు అంకెలూ ఒకటే వస్తాయి.

వైర్లు మార్చుకోమన్న మీ సలహాను నేను ఒప్పుకోను. రిజిస్టర్లను ఒక్కొక్కటిగా చదివే మీ సర్వీసు టూల్‌లో ఇప్పుడు సరిగ్గా కనిపిస్తున్న గదులు అప్పుడు తప్పుతాయి. రేపు ఫర్మ్‌వేర్ సరిచేసిననాడు మళ్లీ వైర్లు పీకాలి.

కనుక సవరించిన ఫర్మ్‌వేర్‌ను, రెండు గదుల్లో వేర్వేరు ఉష్ణోగ్రతలతో చేసిన పరీక్ష నివేదికను పంపి, మీ ఇంజనీరుతో ఇక్కడికే వచ్చి ఎక్కించండి. సవరణ పేరుతో ఫ్రేము (మోడ్‌బస్ సందేశం) మొత్తాన్ని తిప్పవద్దని కూడా మనవి: అందులో తప్పులు పట్టే సీఆర్‌సీ సంఖ్యకు కింది బైటే ముందు వస్తుంది. అంతవరకు ఈ కంట్రోలర్‌ను పక్కనపెట్టి కూలింగ్‌ను చేత్తో నడిపిస్తున్నాము. అందుకు పెట్టిన మనుషుల కూలి మీ ఖాతాకే రాస్తాము.

ఇట్లు,
ఆటోమేషన్ కాంట్రాక్టర్, వరంగల్