అక్కకి, వాడి గురించి

అక్కా,

నేను బాగానే ఉన్నాను. డ్యూటీలు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. చలి పెరిగింది, అంతే. నా గురించి టెన్షన్ పడకు. నీ వాయిస్ మెసేజ్ విన్నప్పటి నుంచి మనసంతా మీరు తెచ్చి పెంచుకుంటున్న పిల్లాడి దగ్గరే ఉంది.

మూడు పనులు చెబితే ఒకటి చేసి మిగతావి కావాలనే వదిలేస్తున్నాడని బావగారు అంటున్నారట. కావాలని కాదక్కా. చెప్పింది గుర్తుపెట్టుకోవడం, కోపమొస్తే చెయ్యి ఆపుకోవడం, ఒక పని నుంచి ఇంకో పనికి మళ్లడం ఎక్కువగా మెదడు ముందుభాగం చూసుకుంటుంది. అది పూర్తిగా ఎదిగేసరికి ఎవరికైనా సుమారు 25 ఏళ్లు వస్తాయి. వాడికి ఇంకా 14. పైగా మీ దగ్గరికి రాకముందు ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఎటు నుంచి దెబ్బ పడుతుందా అని కాచుకోవడంతోనే సరిపోయింది వాడికి. దెబ్బలు తిన్న పిల్లలు ఎదుటివాళ్ల ముఖంలో కోపాన్ని మిగతా పిల్లలకంటే ముందే పసిగడతారని పరిశోధనల్లో తేలింది. బావగారు అలసిపోయి మొహం ముడుచుకున్నా, వాడికి కొట్టబోతున్నట్టే అనిపిస్తుంది.

దగ్గరికి తీస్తే జరిగిపోతాడు, నువ్వు కనబడకపోతే ఇల్లంతా వెతుకుతాడు అని ఏడ్చావు. నీ మీద ఇష్టం లేక కాదే! భయపెట్టే మనిషే దిక్కయినప్పుడు, దగ్గరికి వెళ్లాలో పారిపోవాలో పసివాడికి తోచదు. మేరీ మెయిన్ అనే మనస్తత్వవేత్త 1980లలో ఏడాది పిల్లల్లోనే దీన్ని గుర్తించారు. పెద్దయ్యాక అదే మొండితనంలా కనిపించొచ్చు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? ఫోన్లో తగ్గిందనే అంటుంది, నువ్వు నిజం రాయి.

వాడు మారడానికి ఆలస్యమైపోయిందా అని అడిగావు. రొమేనియా రాజధాని బుకారెస్ట్ అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లలతో 2000లో ఒక అధ్యయనం మొదలుపెట్టి, సగం మందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచారు. వాళ్లకు మనుషులతో అనుబంధం బాగా కుదిరింది, రెండేళ్లలోపు వెళ్లినవాళ్లకు ఇంకా బాగా. మనవాడు ఆ వయసు ఎప్పుడో దాటాడు, నీ దగ్గర దాచను. అయినా రోజూ ఒకేలా ఉండే మనిషి దొరికితే ఈ వయసులోనూ మారతారు, నేను ఇక్కడ చూస్తూనే ఉన్నాను.

ఒకసారికి ఒక్క పనే చెప్పండి. మిగతాది కాగితం మీద రాసిపెట్టండి. తప్పు చేస్తే గదిలో పెట్టి తలుపు వేయకండి. చెయ్యి ఎత్తొద్దని బావగారికి నా మాటగా చెప్పు. దూరాన కూర్చుని చెప్పడం తేలికే అంటారేమో. తేలికేం కాదు, రోజూ ఇలాంటి పిల్లల మధ్యే కదా నా పని. పిల్లల మనసు చూసే డాక్టర్‌కి చూపించడం మాత్రం వాయిదా వేయకు, ఖర్చు నేను పంపుతాను.

ఆదివారం ఫోన్ చేస్తాను. వాడు మాట్లాడనంటే బలవంతం చేయకు. స్కూల్ రిపోర్టు ఫోటో తీసి పంపు.

నీ చెల్లి