హెచ్‌డీ టీవీకి మూడు రంగుల వైరా?

ఎడిటర్ గారికి,

సంక్రాంతికి సుభాష్ రోడ్డులో 43 అంగుళాల టీవీ కొన్నాం. కేబుల్ ఆయనకు ఫోన్ చేసి హెచ్‌డీ బాక్సు కావాలంటే, దానికి వేరే డబ్బులు కట్టించుకుని ఒక పిల్లోణ్ని పంపించాడు. ఆ అబ్బాయి వచ్చి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు టీవీ వెనకాల గుచ్చి, బొమ్మ పడగానే ‘అయిపోయింది సార్’ అని పది నిమిషాల్లో బండెక్కి వెళ్లిపోయాడు.

బొమ్మ పడింది గానీ అంతా మసక. క్రికెట్ చూస్తుంటే కింద స్కోరు కనబడదు. మా అమ్మ అయితే వార్తలు చూస్తూ ‘ఏంప్పా, ఈ పాప ఇంత లావైపోయింది?’ అని అడిగింది. మేం నవ్వుకున్నాం గానీ ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు, 4:3 బొమ్మను (వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు) పక్కలకు సాగదీసి 16:9 తెర నింపితే ఎవరైనా లావుగానే కనిపిస్తారు.

నెల రోజులు టీవీనే తిట్టుకున్నాం. చివరికి మార్చివ్వమని షాపుకు వెళ్తే, ఆయన ‘వెనకాల ఏ వైరు పెట్టినారు సార్?’ అని ఒకే ప్రశ్న వేశాడు. నా దగ్గర జవాబు లేదు.

సంగతేమిటంటే, ఆ మూడు రంగుల ఏవీ వైరు పాత డబ్బా టీవీల కాలం నాటిది. దాంట్లో 576 గీతల బొమ్మకు మించి రాదు, మనం ఎంత మంచి బాక్సు పెట్టినా సరే. ఫుల్ హెచ్‌డీ అంటే 1,080 గీతలు, మొత్తం చుక్కలు లెక్కేస్తే 20 లక్షల పైమాటే, మామూలు బొమ్మకు అయిదు రెట్లు. దానికి హెచ్‌డీఎంఐ వైరు కావాలి. బొమ్మా శబ్దమూ రెండూ ఆ ఒక్క వైరులోనే వస్తాయి కాబట్టి ఎరుపు, తెలుపు పిన్నుల పని కూడా ఉండదు.

ఇంటికొచ్చి నేనే పెట్టుకున్నాను. రెండు కరెంటు ప్లగ్గులూ తీసేసి, వీధిలోంచి వచ్చే కేబుల్‌ను బాక్సులోనే ఉంచి, బాక్సు నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ కలిపి, టీవీ రిమోట్‌లో సోర్స్ నొక్కి హెచ్‌డీఎంఐ 1 ఎంచుకుంటే బొమ్మ వచ్చింది. వచ్చింది గానీ ఇంకా మసకే! బాక్సు సెట్టింగుల్లోకి వెళ్తే వీడియో అవుట్‌పుట్ 576 దగ్గరే ఉంది. దాన్ని 1080కి, పక్కనున్న 4:3ని 16:9కి మార్చాను. ఇంకో తిరకాసు కూడా ఉంది. హెచ్‌డీ చానెల్ నంబరు వేరు, పాత అలవాటు కొద్దీ పాత నంబరే నొక్కితే మామూలు బొమ్మే వస్తుంది. ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు.

డబ్బుల దగ్గర మాత్రం అందరికీ అన్నీ గుర్తుంటాయి. 2019లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన పద్ధతిలోనే, నెలనెలా కట్టే కనెక్షన్ ఫీజుకు ఒక హెచ్‌డీ చానెల్‌ను రెండు మామూలు చానెళ్ల కింద లెక్కగట్టారు, పైగా చానెల్ రేటు వేరు. అంటే ఏవీ వైరుతో చూసేవాళ్లు హెచ్‌డీకి డబ్బు కట్టి మామూలు బొమ్మ చూస్తున్నట్టే కదా! మా వీధిలో నేను వెళ్లి చూసిన నాలుగిళ్లలో మూడింట్లో ఇదే కథ. ఒక ఇంట్లో పసుపు పిన్ను ఆకుపచ్చ రంధ్రంలో పెట్టి, టీవీ సోర్స్‌ను కాంపొనెంట్‌లో (అది వేరే రకం వైరుకు) ఉంచి, పాపం బ్లాక్ అండ్ వైట్‌లో సీరియల్ చూస్తున్నారు.

వచ్చిన పిల్లోణ్ని నేను తప్పుపట్టను, రోజుకు ఎన్నిళ్లు తిరగాలో అతనికి. కానీ హెచ్‌డీ బాక్సుకు డబ్బు తీసుకున్న ఆపరేటర్లు హెచ్‌డీఎంఐ వైరు కూడా ఇచ్చి, సెట్టింగు మార్చి, ఒక హెచ్‌డీ చానెల్ పెట్టి చూపించాకే సంతకం తీసుకోవాలి. మీ జిల్లా పేజీలో ఈ సంగతి నాలుగు ముక్కలు వేస్తే, టవర్ క్లాక్ దగ్గర టీవీ కొనుక్కుని ఆటోలో ఎక్కించుకునే వాళ్లు ఆ వైరు కూడా అడిగి తెచ్చుకుంటారు.

- ఒక పాఠకుడు, అనంతపురం